పిల్లల గుండెలో రంధ్రం: చిన్న కోతతో, లేదా అసలు కోతే లేకుండా మూయించాలంటే

పాప గుండెలో రంధ్రం ఉందని చెప్పగానే అమ్మానాన్నలు అడిగే మొదటి మాట ఇదే: "రొమ్ము కోయకుండా అవుతుందా డాక్టరుగారూ?" అడగాల్సిన మాటే. ఆడపిల్లయితే, ఆపరేషన్ తేదీ కూడా ఖాయం కాకముందే మచ్చ గురించి అమ్మమ్మా నాయనమ్మా దిగులు పడతారు. కాని అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ఈ దారిన వెళ్తే రంధ్రం పూర్తిగా, క్షేమంగా మూసుకుంటుందా? దానికి అవునని గట్టిగా జవాబు వచ్చాక కోత సైజు గురించి మాట్లాడుకోవచ్చు. కింద రాసినదంతా ఆ వరుసలోనే ఉంది.

ముందు ఎకో (గుండె స్కాన్) రిపోర్టు చూడండి

పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఎనిమిది, తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక పుట్టుకతో వచ్చిన లోపం ఉంటుంది. చిన్న కోతకు లేదా కోత లేని పద్ధతికి బాగా కుదిరేవి ప్రధానంగా మూడు: పై గదుల మధ్య గోడలో రంధ్రం (ఏఎస్‌డీ), కింది గదుల మధ్య గోడలో రంధ్రం (వీఎస్‌డీ), పుట్టాక మూసుకుపోవాల్సిన రక్తనాళం తెరిచే ఉండిపోవడం (పీడీఏ). రిపోర్టులో ఈ పేరు ఒక్కటే చూసి ఊరుకోకండి. పేరు పక్కన ఉన్న మాటలే దారిని నిర్ణయిస్తాయి.

ఏఎస్‌డీలో "ఆస్టియం సెకండమ్" అని ఉంటే డివైజ్‌తో, అంటే గొట్టం గుండా పంపి రంధ్రంలో అమర్చే గొడుగులాంటి పరికరంతో, మూసే అవకాశం ఉంది. "ప్రైమమ్" అనో "సైనస్ వీనోసస్" అనో ఉంటే మామూలుగా ఆపరేషనే మార్గం. సెకండమ్ అయినా రంధ్రం చుట్టూ ఉన్న గోడ అంచులు ఎంతున్నాయో చూడాలి. వీటినే రిమ్‌లు అంటారు. అయిదు మిల్లీమీటర్లు, అంతకు పైన ఉంటే డివైజ్ గట్టిగా పట్టుకుంటుంది. బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) వైపు రిమ్ తక్కువగా ఉండటం చాలామంది పిల్లల్లో కనిపించేదే, దాంతో పని ఆగదు. కింది వైపు, అంటే కాళ్ల నుంచి రక్తం తెచ్చే పెద్ద సిర దగ్గరి రిమ్ లేకపోతే మాత్రం డివైజ్‌కు ఆనుకునే చోటే ఉండదు. అలాంటి పిల్లలకు డివైజ్ పెట్టాలని పట్టుబట్టడం తప్పు.

పసిపిల్లల్లో అయిదు మిల్లీమీటర్ల లోపు ఏఎస్‌డీ తరచు దానంతటదే మూసుకుపోతుంది. ఎనిమిది దాటినవి మూసుకోవడం అరుదు. కుడివైపు గదులు ఉబ్బినా, ఊపిరితిత్తులకు వెళ్లే రక్తం ఒంటికి వెళ్లేదానికి ఒకటిన్నర రెట్లు మించినా మూయించాలి. తొందరేమీ లేకపోతే మూడు నుంచి అయిదేళ్ల మధ్య వయసు అనువైనది. డివైజ్‌కు బిడ్డ బరువు 15 కిలోలుంటే పని సులువు.

వీఎస్‌డీ లెక్క వేరు. కండర భాగంలో ఉన్న చిన్న రంధ్రాలు చాలావరకు మూసుకుపోతాయి, ఓపిక పట్టవచ్చు. పెద్ద వీఎస్‌డీతో పాలు తాగుతూ చెమటలు పట్టే బిడ్డ, రెండు గుక్కలకోసారి ఆగి రొప్పే బిడ్డ, నెలలు గడిచినా బరువు పెరగని బిడ్డ విషయంలో ఓపిక పనికిరాదు. ఇలాంటివారికి మొదటి ఏడాదిలోనే, తరచు ఆరు నెలల లోపే ఆపరేషన్ కావాలి. "కాస్త పెద్దదయ్యాక చిన్న కోతతో చేయించుకుందాం" అని రెండు మూడేళ్లు ఆపితే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడిపోతాయి. ఒక దశ దాటాక ఆ రంధ్రం మూయడమే ప్రమాదమవుతుంది. మచ్చ కోసం చేసిన జాప్యంతో బిడ్డకు ఆపరేషనే అందకుండా పోవడం కంటే పెద్ద నష్టం ఇంకేముంటుంది?

రిపోర్టులో ఇంకో మూడు విషయాలు వెతకండి: ఊపిరితిత్తుల రక్తపోటు ఎంత, బృహద్ధమని కవాటం రంధ్రంలోకి జారుతోందా, ఎడమవైపు అదనపు పెద్ద సిర ఉందా. ఆసియా పిల్లల్లో, ముఖ్యంగా తూర్పు ఆసియాలో, ఊపిరితిత్తుల కవాటం కింద ఉండే వీఎస్‌డీ ఎక్కువ. ఆ రకంలో బృహద్ధమని కవాటం రేకు మెల్లగా రంధ్రంలోకి జారి లీకవుతుంది. రంధ్రం చిన్నదే అయినా లీకు మొదలైతే మూయించాల్సిందే. ఎడమవైపు సిర ఉంటే చంక కింది కోతతో పని కష్టమవుతుంది కాబట్టి అది సర్జన్‌కు ముందే తెలియాలి.

దారులు, ఎవరికి ఏది

మొదటిది కోతే లేని దారి. గజ్జలోని సిర గుండా సన్నని గొట్టం పంపి, నికెల్-టైటానియం తీగతో అల్లిన గొడుగులాంటి డివైజ్‌ను రంధ్రంలో అమరుస్తారు. పీడీఏకు నేడు ఎక్కువ మంది పిల్లల్లో ఇదే మొదటి ఎంపిక. 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ ఛాతీ తెరిచి పీడీఏను కట్టేయడంతో పుట్టుకతో వచ్చే గుండె లోపాల శస్త్రచికిత్సకు నాంది పడింది. 1967లో బెర్లిన్‌లో పోర్స్ట్‌మన్ అదే నాళాన్ని గొట్టం గుండా మూశాడు. ఇప్పుడు 700 గ్రాముల నెలతక్కువ బిడ్డకూ సరిపోయే చిట్టి డివైజ్ ఉంది.

రెండోది, ఆపరేషన్ తప్పనిసరైన ఏఎస్‌డీ, వీఎస్‌డీలకు కుడి చంక కింద నిలువు కోత. మన దగ్గర తల్లిదండ్రులు తరచు "కీహోల్" అని అడిగేది దీన్నే. పొడవు నాలుగైదు సెంటీమీటర్లు. చెయ్యి దించితే కనపడదు. ఎముక కోయరు, పక్కటెముకల మధ్య సందులోంచి వెళ్తారు. మూడోది, రొమ్ము ఎముకలో కింది సగం మాత్రమే తెరిచే పద్ధతి. మచ్చ ముందు వైపే ఉంటుంది కాని పొట్టిగా, జాకెట్టు మెడ కిందికి ఉంటుంది. బరువు తక్కువ పిల్లలకు, చంక దారి కుదరని వారికి ఇది మంచి మధ్యేమార్గం. నాలుగోది అరుదైనది: గుండె కొట్టుకుంటుండగానే చిన్న కోతలోంచి గుండె గోడను సూదితో గుచ్చి డివైజ్ పెట్టడం. గజ్జ దారిన చేరలేని కండర వీఎస్‌డీలకు, చిన్న బిడ్డలకు వాడతారు.

ఆడపిల్లల విషయంలో ఒక హెచ్చరిక. కుడి రొమ్ము కింద అడ్డంగా కోసే పాత పద్ధతి కొన్నిచోట్ల ఇంకా ఉంది. ఈడు రాని పిల్లకు అక్కడ కోస్తే, రొమ్ముగా ఎదగాల్సిన కణజాలం దెబ్బతిని పెద్దయ్యాక రెండు వైపులా సమానంగా ఎదగకపోవచ్చు. చంక కింది నిలువు కోత ఆ చోటికి దూరంగా ఉంటుంది. "చిన్న కోత" అన్నారని సంతోషించి ఊరుకోకుండా, "ఎక్కడ? కాగితం మీద గీసి చూపించండి" అనండి.

టెట్రాలజీ (గుండెలో నాలుగు లోపాలు కలిసి ఉండటం) లాంటి క్లిష్టమైన లోపాలు, నీలిరంగు పిల్లల ఆపరేషన్లు మామూలుగా రొమ్ము ఎముక తెరిచే చేస్తారు. అక్కడ సర్జన్‌కు వెలుతురు, చోటు కావాలి. అయిదారు కిలోల లోపు బిడ్డలకు, కుడివైపు ఛాతీలో ఇంతకు ముందు ఆపరేషన్ అయినవారికి కూడా చంక దారి సరిపోదు.

ఆసుపత్రిలో అడగాల్సినవి

ఈ పద్ధతిలో ఏడాదికి ఎంతమంది పిల్లలకు చేస్తున్నారు? అందులో ఎందరికి మధ్యలో ముందు వైపు తెరవాల్సి వచ్చింది? ఆహారనాళంలోంచి చూసే ఎకో థియేటర్‌లోనే ఉంటుందా? పిల్లలకు మాత్రమే మత్తు ఇచ్చే డాక్టరు, పిల్లల ఐసీయూ ఉన్నాయా? డివైజ్ అయితే, అది జారితే వెంటనే ఆపరేషన్ చేసే సర్జన్ అదే కప్పు కింద ఉంటారా? ఈ అయిదింటికీ విసుక్కోకుండా జవాబు చెప్పే చోట చేయించుకోండి. "మేం ఎప్పుడూ ముందు వైపు తెరవలేదు" అనే జవాబు కంటే "అవసరమైతే తెరుస్తాం, సంతకం దానికి కూడా తీసుకుంటాం" అనే జవాబు మీద మాకు నమ్మకం ఎక్కువ.

డబ్బు గురించి ముందే తేల్చుకోండి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. ఇలాంటి పథకాల కింద నెట్‌వర్క్ ఆసుపత్రి ద్వారం దగ్గరే ఆరోగ్యమిత్ర ఉంటారు. రేషన్ కార్డు, బిడ్డ ఆధార్ లేదా జనన ధ్రువపత్రం, ఎకో రిపోర్టు ఇచ్చి ముందస్తు అనుమతి తీసుకోవాలి. డివైజ్‌కు ఒక ప్యాకేజీ, ఆపరేషన్‌కు ఒక ప్యాకేజీ ఉంటాయి. ఏ పేరుతో అనుమతి వచ్చిందో కాగితంలో చూసుకోండి. డివైజ్ అని అనుమతి వచ్చి, చివర్లో ఆపరేషన్‌కు మారితే మళ్లీ అనుమతి కావాలి, దాంతో తేదీ తప్పుతుంది. సందేహాలుంటే 104కు ఫోన్ చేయవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షించి జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చూసే కేంద్రం) పంపుతాయి. పుట్టపర్తిలో 1991 నుంచి నడుస్తున్న సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు ఉచితం. తిరుపతిలో టీటీడీ 2021లో పిల్లల కోసమే శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచింది. హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది.

ముందు నెల రోజుల్లో

పళ్లతో మొదలుపెట్టండి. పుచ్చిన పన్నులోని క్రిములు రక్తంలోకి వెళ్లి కొత్త డివైజ్ మీదో, రంధ్రానికి వేసిన అతుకు (ప్యాచ్) మీదో కూర్చుంటే గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వస్తుంది. కనీసం రెండు మూడు వారాల ముందే దంత వైద్యుడి దగ్గర పని పూర్తికావాలి. హిమోగ్లోబిన్ తక్కువుంటే ఐరన్ సిరప్ ఇప్పుడే మొదలవ్వాలి. చివరి వారంలో మొదలుపెడితే ఫలితం ఉండదు, రక్తం ఎక్కించాల్సి వస్తుంది. టీకాలు మానకండి, కాని మామూలు టీకాకూ ఆపరేషన్‌కూ మధ్య ఒక వారం, తట్టు లాంటి బతికున్న క్రిముల టీకాకు మూడు వారాలు ఎడం ఉంచండి. టీకా జ్వరాన్ని ఇన్ఫెక్షన్‌గా పొరబడకుండా ఉండేందుకు ఈ ఎడం.

జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచకండి. అయిదు వందల కిలోమీటర్ల నుంచి వచ్చాం, సెలవు పెట్టుకున్నాం, తేదీ మళ్లీ దొరకదు అని దాచేవాళ్లున్నారు. జలుబున్న బిడ్డకు మత్తిస్తే శ్వాసనాళాలు బిగుసుకుపోవచ్చు, ఐసీయూలో వెంటిలేటర్ రోజులు పెరుగుతాయి. జలుబు తగ్గాక రెండు నుంచి నాలుగు వారాలు ఆగడం మామూలు. ఆ నెలలో పెళ్లిళ్లకు, జాతరలకు బిడ్డను తిప్పకపోతే మేలు. నికెల్ నగలు పెడితే చెవులు, మణికట్టు దద్దురెక్కే పిల్లయితే ఆ మాట డివైజ్ పెట్టే డాక్టరుకు ముందే చెప్పాలి.

ముందురోజు తలస్నానం, ఆసుపత్రి ఇచ్చిన యాంటీసెప్టిక్ సబ్బుతో ఒంటి స్నానం చేయించండి. గోళ్లు కత్తిరించండి. గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉంటే వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ తప్పు చూపించవచ్చు, కనీసం రెండు వేళ్లయినా ఖాళీగా ఉంచండి. మొలతాడు, తాయెత్తు, పట్టీలు, చెవిపోగులు తీసేయాలి. తాయెత్తు తీయడానికి నాయనమ్మకు మనసొప్పకపోతే దాన్ని కవర్లో పెట్టి అమ్మ కొంగుకు కట్టుకోవచ్చు, థియేటర్‌లోకి మాత్రం పోకూడదు.

ఉపవాసం దగ్గర తప్పులు ఎక్కువ జరుగుతాయి. అన్నం, ఆవుపాలు, డబ్బాపాలు ఆరు గంటల ముందు ఆపాలి. తల్లిపాలు నాలుగు గంటల ముందు. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు ఇవ్వవచ్చు. గంజి, మజ్జిగ, హార్లిక్స్, రాగిజావ నీళ్ల లెక్కలోకి రావు, అవి ఆహారమే. "ఒక్క బిస్కెట్టేగా" అని పెట్టినా ఆపరేషన్ వాయిదా పడుతుంది, ఎందుకంటే మత్తులో వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అలాగని అర్ధరాత్రి నుంచి చుక్క నీరివ్వకుండా ఎండబెట్టడమూ మంచిది కాదు. మీ బిడ్డ వరుసలో ఎన్నోదో అడిగి, గంట లెక్కగట్టి రాయించుకోండి.

లోపల ఏం జరుగుతుంది

డివైజ్ అయితే గంటా రెండు గంటల పని. గజ్జలోని సిరలో గొట్టం దించి, కిలోకు సుమారు 100 యూనిట్ల హెపారిన్ ఇస్తారు, గొట్టంలో గడ్డ కట్టకుండా. కొన్నిసార్లు మెత్తటి బుడగను రంధ్రంలో ఉబ్బించి, రక్తం దాటడం ఆగిన క్షణంలో కొలత తీసుకుంటారు. డివైజ్ నడుము ఆ కొలతకు సరిపోవాలి, మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్దదవ్వాలి. మరీ పెద్దదైతే అంచు గుండె గోడను ఒరుసుకుంటుంది, చిన్నదైతే జారుతుంది. ముందు ఎడమ బిళ్ల, తర్వాత కుడి బిళ్ల తెరిచి, తీగతో అటూ ఇటూ లాగి చూసి, ఎకోలో కవాటాలకు తగలడం లేదని తేల్చుకున్నాకే మర విప్పి వదులుతారు. మర విప్పేదాకా దాన్ని వెనక్కి లాగేసుకోవచ్చు. కుదరదనిపిస్తే లాగేసి ఆపరేషన్‌కు పంపే డాక్టరు ఓడిపోయినట్టు కాదు, సరైన పని చేసినట్టు.

చంక కోతలో బిడ్డను ఎడమవైపు ఒత్తిగిలి పడుకోబెట్టి, కుడి చేతిని తల మీదుగా ఎత్తి కడతారు. మూడో లేదా నాలుగో పక్కటెముకల సందులోంచి వెళ్లి, కుడి ఊపిరితిత్తిని పక్కకు జరిపి, గుండె సంచిని తెరుస్తారు. అక్కడే జాగ్రత్త కావాలి: విభాజక పటలాన్ని (ఊపిరి తీయించే కండర పొర, డయాఫ్రం) కదిలించే నరం ఆ సంచి మీదుగానే దిగుతుంది. దానికి రెండు సెంటీమీటర్లు ముందుగా కోత పెట్టి, సంచి అంచును కుట్లతో పైకి లాగుతారు. ఆ నరం లాగినా, కాలినా కుడి వైపు ఊపిరి అందదు. తర్వాత గుండె, ఊపిరితిత్తుల పనిని కాసేపు తాను చేసే హార్ట్ లంగ్ మెషిన్‌కు కలిపి, గుండెను ఆపి, చిన్న రంధ్రమైతే కుట్టి, పెద్దదైతే బిడ్డ గుండె సంచి ముక్కతోనే ప్యాచ్ వేస్తారు. కోత చిన్నది కాబట్టి గుండెలో గాలి మిగిలిపోయే అవకాశం కాస్త ఎక్కువ. అందుకే ఆ గాయంలోకి కార్బన్ డయాక్సైడ్ వదులుతూ, ఎకోలో గాలి బుడగలు పోయాయని చూశాకే గుండెను మళ్లీ పనిలో పెడతారు. వీఎస్‌డీ కుట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త: గుండె లయను నడిపే సహజమైన విద్యుత్ తీగ రంధ్రం అంచునే వెళ్తుంది. కుట్టు దాని మీద పడితే గుండె లయ తెగుతుంది. ఇలా శాశ్వతంగా పేస్‌మేకర్ అవసరమయ్యేది సుమారు నూటికి ఒకరికి. డివైజ్ పెట్టిన వీఎస్‌డీల్లో ఈ సమస్య నెలల తర్వాత కూడా రావచ్చు, అందుకే ప్రతి చెకప్‌లో ఈసీజీ తప్పనిసరి.

మొదటి వారం

డివైజ్ అయిన బిడ్డ నాలుగు నుంచి ఆరు గంటలు వెల్లకిలా, కాలు చాపి ఉండాలి. మత్తు దిగుతుంటే లేవబోతారు, ఒకరు పక్కనే కూర్చుని కథ చెబుతూ మోకాలి మీద చెయ్యేసి ఉండండి. గజ్జ దగ్గర తడి, ఉబ్బు కనిపిస్తే గట్టిగా అదిమి పట్టి నర్సును పిలవండి. ఆ పాదం రెండో పాదం కంటే చల్లగా, పాలిపోయి ఉన్నా వెంటనే చెప్పండి. డివైజ్ జారడం ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే జరుగుతుంది, కాబట్టి మర్నాడు ఎకో తీయకుండా ఇంటికి బయల్దేరవద్దు.

చంక కోత పిల్లలకు ఒకటి రెండు రోజులు ఛాతీలోని నీరు, రక్తం బయటికి తీసే డ్రెయిన్ గొట్టం ఉంటుంది, నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపవచ్చు. కుడి ఊపిరితిత్తిని జరిపారు కాబట్టి అందులో కఫం పేరుకుని ముడుచుకుపోతుంది. మందుల కంటే ఊదడమే దీనికి విరుగుడు: సబ్బు బుడగలు, ఈల, కాగితపు గాలిమర. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పది ఊదులు. నొప్పి ఉంటే పిల్లలు లోతుగా ఊపిరి తీయరు, అందుకే మొదటి మూడు రోజులు నొప్పి మందు అడిగాక కాకుండా గంట ప్రకారం ఇవ్వాలి.

ఇంటికి వచ్చాక

పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగు సార్లు మించకుండా. 12 కిలోల బిడ్డకు 180 మిల్లీగ్రాములు. సీసా మీద అయిదు ఎంఎల్‌కు 120 అని ఉంటే ఏడున్నర ఎంఎల్, 250 అని ఉంటే సుమారు మూడున్నర ఎంఎల్. మందుల షాపు వాడు సీసా మార్చి ఇస్తే మోతాదు రెట్టింపవుతుంది, అందుకే ప్రతిసారీ ఆ అంకె చదవండి.

డివైజ్ పెట్టిన పిల్లలకు ఆరు నెలలు ఆస్పిరిన్ ఇస్తారు, కిలోకు మూడు నుంచి అయిదు మిల్లీగ్రాములు, రోజుకోసారి, ఏదైనా తిన్నాక. డివైజ్ మీద గుండె లోపలి పొర అల్లుకునేదాకా గడ్డలు కట్టకుండా ఇది. మన ఊళ్లలో వానాకాలం దీనికి పెద్ద చిక్కు. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలో ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది. ఫ్లూ, ఆటలమ్మ సమయంలో ఆస్పిరిన్ పిల్లల కాలేయానికి, మెదడుకు అరుదైనా తీవ్రమైన హాని చేస్తుంది. కాబట్టి ఆస్పిరిన్ మీదున్న బిడ్డకు జ్వరం వస్తే అదే రోజు మీ గుండె డాక్టరుకు ఫోన్ చేసి మాత్ర ఇవ్వాలా ఆపాలా అడగండి. మీ అంతట మీరు ఆపేయవద్దు, మీ అంతట మీరు కొనసాగించవద్దు. ఐబుప్రొఫెన్ కలిసిన జ్వరం సిరప్‌లు ముట్టుకోవద్దు.

జ్వరం గురించి ఇంకొకటి, దీన్ని గుర్తుపెట్టుకోమని చేతులు పట్టుకుని చెప్పాలనిపిస్తుంది. కారణం తెలియని జ్వరం రెండు మూడు రోజులు దాటితే, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ ఇంజక్షన్ వేయించకముందే రక్తం కల్చర్‌కు (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) తీయించండి. ఇంజక్షన్ పడ్డాక తీస్తే క్రిమి పట్టుబడదు, గుండె పొర ఇన్ఫెక్షన్ లోపల్లోపల పెరుగుతూ ఉంటుంది. మొదటి ఆరు నెలల్లో పన్ను పీకించాల్సొస్తే గంట ముందు అమాక్సిసిలిన్, కిలోకు 50 మిల్లీగ్రాములు, ఒక్క మోతాదు. పెన్సిలిన్ పడని పిల్లలకు వేరే మందు ఉంది. రంధ్రం అంచున లీకు మిగిలితే ఆరు నెలల తర్వాత కూడా ఈ జాగ్రత్త కొనసాగుతుంది.

గాయం ఏడు నుంచి పది రోజులు పొడిగా ఉండాలి. చంకలో చెమట పడుతుంది, కాబట్టి వదులు నూలు చొక్కా వేసి, రోజుకు రెండుసార్లు మెత్తటి పొడి బట్టతో అద్దండి. పసుపు, విభూతి, కాఫీపొడి, కొబ్బరినూనె ఏవీ వద్దు. పసిబిడ్డకు నలుగు, నూనె మర్దన నెల రోజులు ఆపండి. చొక్కా వేసేటప్పుడు ముందు కుడిచెయ్యి తొడగండి, తీసేటప్పుడు చివర్లో తీయండి. బిడ్డను ఎత్తేటప్పుడు చంకల కింద చేతులేసి లేపకండి, ఒక చెయ్యి పిరుదుల కింద, ఇంకోటి మెడ వెనక పెట్టండి. వారం తర్వాత గోడ మీద వేళ్లతో పైకి పాకించే ఆట, దువ్వెన పట్టుకుని తల దువ్వుకోవడం మొదలుపెట్టాలి. నొప్పని చేతిని ఒంటికి అంటిపెట్టుకుని కూర్చున్న పిల్లలకు భుజం బిగుసుకుపోతుంది. కోత చుట్టూ తిమ్మిరి కొన్ని నెలలు ఉండటం మామూలే. చెయ్యి ఎత్తి కట్టినందువల్ల అరుదుగా చేతి పట్టు తగ్గుతుంది, చాలావరకు అదే తిరిగొస్తుంది, కాని డాక్టరుకు చూపించండి.

రొమ్ము ఎముక కోయలేదు కాబట్టి రెండు మూడు వారాల్లో బడికి పంపవచ్చు. సైకిలు, కబడ్డీ, చెట్టెక్కడం నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత.

ఎప్పుడు పరుగెత్తాలి

ఏఎస్‌డీ మూశాక ఒకటి నుంచి ఆరు వారాల మధ్య గుండె సంచిలో నీరు చేరడం ఒకటుంది. కోత ఎంత చిన్నదైనా ఇది వస్తుంది. ఆసుపత్రి నుంచి హుషారుగా వచ్చిన బిడ్డ పదో రోజున నలతగా ఉంటుంది, సన్నటి జ్వరం, అన్నం వద్దంటుంది, వాంతులు చేసుకుంటుంది, పడుకోబెడితే ఏడ్చి లేచి కూర్చుంటుంది. ఇంట్లో వాళ్లు దిష్టి అనో, అరగలేదనో అనుకుంటారు. ఈ లక్షణాలు కడుపువి కావు, గుండె చుట్టూ నీరు ఒత్తుతోంది. అదే రోజు ఎకో తీయిస్తే మందులతోనో, సూదితో నీరు తీసో సరిచేస్తారు. రెండు రోజులు ఆలస్యమైతే ప్రాణాపాయం. ఈ కారణంగానే డిశ్చార్జ్ అయిన వారం, పది రోజులకు ఎకో పెట్టమని అడగండి, వాళ్లు రాయకపోయినా సరే.

డివైజ్ పెట్టిన పిల్లల్లో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, ఆయాసం ఒక్కసారిగా వస్తే డివైజ్ అంచు గోడను కోసిందేమో చూడాలి. వెయ్యిలో ఒకరో ఇద్దరో ముగ్గురో, అంతే, కాని గంటల మీద చూడాల్సిన విషయం. స్పృహ తప్పి పడితే, నాడి మరీ నెమ్మదిగా ఉంటే ఈసీజీ. ఊపిరి వేగం రోజురోజుకూ పెరుగుతుంటే ఛాతీ ఎక్స్‌రే: నరం దెబ్బతిన్న కుడి పటలం అందులో పైకి లేచి కనిపిస్తుంది.

ఆ తర్వాత

ఎకో నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన డాక్టరు చెప్పిన ఎడంతో. డివైజ్ ఉన్నవారు ఎప్పటికీ చెకప్‌లు మానకూడదు. డివైజ్ పేరు, సైజు, తేదీ ఉన్న కార్డును లామినేట్ చేయించి, ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచండి. ఎంఆర్ఐ తీసేవాళ్లు మొదట అడిగేది ఆ కార్డే. చదువుకో, ఉద్యోగానికో విదేశం వెళ్లే రోజున కూడా అది సూట్‌కేసులో ఉండాలి. విమానాశ్రయం మెటల్ డిటెక్టర్‌తో ఏ ఇబ్బందీ లేదు. మచ్చ మానిన నెల తర్వాత సిలికాన్ జెల్ రాయవచ్చు.

మళ్లీ బిడ్డ కావాలనుకుంటే, ఒక బిడ్డకు ఈ లోపం ఉన్న ఇంట్లో తర్వాతి బిడ్డకు రావడం నూటికి రెండు మూడు. మేనరికం పెళ్లయితే ఇంకాస్త ఎక్కువ. కడుపులో ఉండగానే 18 నుంచి 22 వారాల మధ్య గర్భస్థ శిశువు గుండె ఎకో తీయించుకుంటే, ప్రసవం ఎక్కడ పెట్టుకోవాలో ముందే తేల్చుకోవచ్చు.